పునరావాస కేంద్రం కడుతున్న చోటికి వెళ్తున్నారా? ఎప్పుడు వెళ్లాలి, ఏం కొలవాలి, ఎలా రాసివ్వాలి

మండలంలో భవిత కేంద్రానికి (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కేంద్రం) కొత్త భవనమో, జిల్లా పునరావాస కేంద్రమో, ఏదో ట్రస్టు కట్టిస్తున్న ఫిజియోథెరపీ సెంటరో, పని నడుస్తుండగానే "ఒకసారి వచ్చి చూసి వెళ్లండి" అని పిలుస్తారు. తల్లిదండ్రులు, వికలాంగుల సంఘం వాళ్లు, థెరపిస్టులు, చందా ఇచ్చిన దాతలు వెళ్తారు. స్లాబు కింద నిలబడి ఫోటో దిగి, టీ తాగి వచ్చేస్తారు. తీరా ప్రారంభోత్సవం రోజున చూస్తే బాత్రూమ్‌లోకి వీల్‌చైర్ పట్టదు.

"మేం ఇంజినీర్లం కాదు కదా, వెళ్లి ఏం చూడాలి?" అని చాలామంది అడుగుతున్నారు. సిమెంటు పాళ్లు, కంబి లెక్కలు ఇంజినీరుకే వదిలేయండి. మీరు కొలతలు చూడండి. ఇటుక గోడకీ గోడకీ మధ్య ఇప్పుడు కనిపించే కొలతతో పని జరగదు. ప్లాస్టరింగ్, టైల్స్, దర్వాజా చెక్క తలా కాస్త తినేశాక ఎంత మిగులుతుందో అదే అసలు కొలత. ఈ గైడ్‌లో చెప్పేదంతా దాని కోసమే.

## 1. ఎప్పుడు వెళ్లాలి

ఒక్కసారి వెళ్తే సరిపోదు. ఒక దశలో కనిపించేది తర్వాతి దశలో కప్పబడిపోతుంది.

- ముగ్గు పోసినప్పుడు (నేల మీద పునాది గీతలు గీసినప్పుడు): బేస్‌మెంట్ ఎత్తెంత, ర్యాంపుకి స్థలం వదిలారా అనేది ఇక్కడే తేలాలి.
- సెంట్రింగ్ (స్లాబుకి పలకల అచ్చు) అయ్యి, కాంక్రీటు పడకముందు: బాత్రూమ్‌ల దగ్గర స్లాబు కిందికి దించారా, థెరపీ హాలు పైకప్పులో కొక్కేలు పెట్టారా చూడాలి.
- గోడలు లేచాక, ప్లాస్టరింగ్ మొదలవకముందు: ఒక్కసారే వెళ్లే వీలుంటే ఇప్పుడే వెళ్లండి. తలుపులు, బాత్రూమ్, కరెంటు పైపులు అన్నీ కనిపిస్తాయి. ఇటుక తీసి మళ్లీ పెట్టడం పెద్ద ఖర్చు కాదు.
- టైల్స్ మొదలైన రోజుల్లో: గదుల మధ్య మట్టాలు, కమోడ్ పైపు స్థానం చూడాలి.
- అప్పగింతకి ముందు: వాడే మనుషులతో నడిపించి చూడాలి.

స్లాబు పోసే రోజు మాత్రం వెళ్లొద్దు. ఆ రోజు ఎవరికీ మాట్లాడే తీరిక ఉండదు. తర్వాత కొన్నాళ్లు కింద సర్వి బాదులు, జాకీలు అడవిలా నిలబడి ఉంటాయి. ఆధారానికీ ఆధారానికీ మధ్య దూరం 4.5 మీటర్లు దాటిన స్లాబుల కింద వాటిని కనీసం 14 రోజులు ఉంచాలి కాబట్టి ఆలోగా వెళ్తే లోపల తిరగడానికి చోటుండదు.

## 2. ఇంట్లో కూర్చుని చేయాల్సిన పని

ముందు ప్లాన్ కాపీ అడిగి తీసుకోండి. గోడ మీద అతికించే రంగుల బొమ్మ మనకు అక్కర్లేదు. కొలతలు రాసిన ఫ్లోర్ ప్లాన్, బాత్రూమ్ వివరాల షీటు, తలుపుల పట్టిక, ఈ మూడూ కావాలి. వాటి మీద ఎర్ర పెన్నుతో ఈ అంకెలు సరిచూడండి:

- తలుపు తెరిచాక మిగిలే ఖాళీ: 900 మి.మీ.
- వీల్‌చైర్ గుండ్రంగా తిరిగే చోటు: 1500 మి.మీ., అంటే దాదాపు ఐదడుగులు
- రెండు వీల్‌చైర్లు ఎదురుపడి దాటే వరండా: 1800 మి.మీ.
- బాత్రూమ్ లోపలి కొలత: 2000 × 2200 మి.మీ.
- ర్యాంపు వెడల్పు: కనీసం 1200 మి.మీ.
- లిఫ్ట్ లోపల: 1500 × 1500 మి.మీ.
- పార్కింగ్: 3600 మి.మీ. వెడల్పు, గుమ్మానికి 30 మీటర్లలోపు

ఇవి కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ 2021లో ఇచ్చిన సార్వత్రిక సౌలభ్య మార్గదర్శకాల ప్రకారం అడిగే అంకెలు. ఇవి కనీసం ఉండాల్సినవి. పునరావాస కేంద్రానికి వచ్చేవాళ్లలో చాలామంది ఇప్పుడిప్పుడే వీల్‌చైర్ అలవాటు చేసుకుంటుంటారు, పక్కన సాయానికి ఒక మనిషీ ఉంటాడు. అందుకే స్థలం ఉన్నచోట ఇంకాస్త ఎక్కువే అడగండి.

ఎవరు వెళ్లాలి: నలుగురైదుగురు చాలు. వారిలో వీల్‌చైర్ వాడేవారు ఒకరు, చూపు లేనివారో మసక చూపువారో ఒకరు, ఒక ఫిజియోథెరపిస్టు ఉంటే మంచిది. ఇరవైమంది వెళ్తే ఊరేగింపు అవుతుంది తప్ప పని జరగదు.

సంచిలో పెట్టుకోవాల్సినవి:

- 5 మీటర్ల స్టీలు టేపు
- రెండడుగుల రసమట్టం
- చాక్‌పీసులు, మార్కర్
- ప్లాన్ ప్రింటు, గట్టి అట్ట
- పాత వీల్‌చైర్ ఒకటి (కొత్తది తీసుకెళ్తే చక్రాలకి సిమెంటు పడుతుంది)
- హెల్మెట్లు, గట్టి బూట్లు. చెప్పులతో వద్దు, మేకులుంటాయి. చీర కొంగు, చున్నీ బిగించి కట్టుకోవాలి.

వీల్‌చైర్ వాడేవారు వస్తున్నారని రెండ్రోజుల ముందే సైట్ ఇంజినీరుకి చెప్పండి. గేటు నుంచి కనీసం కింది అంతస్తు హాలు వరకు ప్లైవుడ్ పలకలు పరవమని అడగండి. సెంట్రింగ్ పలకలు అక్కడే ఉంటాయి కాబట్టి అదేం పెద్ద కోరిక కాదు. నలుగురు కలిసి కుర్చీతో సహా మనిషిని ఎత్తుకెళ్లే పని మాత్రం పెట్టుకోవద్దు. కంకర మీద ఎవరి కాలు జారినా నష్టపోయేది కుర్చీలో కూర్చున్న మనిషే.

## 3. సైట్‌లోకి అడుగుపెట్టాక

నేరుగా లోపలికి వెళ్లకండి. ముందు సైట్ ఇంజినీరు గారిని, మేస్త్రీ గారిని కలిసి ఏమేం చూడాలనుకుంటున్నారో చెప్పండి. కూలీలకి మీరే పని పురమాయించొద్దు. "ఈ గోడ ఇటు జరుపు" అని మీరు అంటే, తర్వాత ఆ తప్పు మీ నెత్తిన పడుతుంది. ఏదున్నా ఇంజినీరుకే చెప్పాలి.

మేస్త్రీతో మాత్రం మర్యాదగా కాసేపు మాట్లాడండి. నా లెక్కలో సైట్‌లో అందరికంటే పనికొచ్చే మనిషి ఆయనే. డ్రాయింగ్‌లో ఏం రాసున్నా గోడ లేచేది ఆయన చేతి మీదుగా. ఈ కొలత ఎందుకు కావాలో ఒకసారి వీల్‌చైర్ తిప్పి చూపిస్తే చాలు, మిగతా బాత్రూమ్‌లన్నీ ఆయనే సరిగ్గా కడతాడు.

జాగ్రత్త పడాల్సిన చోట్లు: లిఫ్ట్ గుంత, రెయిలింగ్ లేని మెట్లు, పైకి పొడుచుకొచ్చిన రాడ్లు, నేలమీద పాకే తాత్కాలిక కరెంటు వైర్లు, పరంజా కింద. చూపు లేనివారి పక్కన ఒక మనిషి విడవకుండా ఉండాలి. సైట్‌లో నిన్న లేని గొయ్యి ఇవాళ ఉండొచ్చు.

## 4. గేటు నుంచి గుమ్మం వరకు

రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోతారన్న భయంతో మన దగ్గర బేస్‌మెంట్ మూడడుగులు లేపుతారు. ర్యాంపు కష్టాలన్నీ అక్కడే మొదలు.

ర్యాంపు వాలు 1:12 దాటకూడదు. మేస్త్రీ లెక్కలో చెప్పాలంటే అంగుళం ఎత్తుకి అడుగు పొడవు. మూడడుగుల ఎత్తంటే 36 అంగుళాలు, అంటే ర్యాంపు 36 అడుగులు. ఒక్క దౌడులో 9 మీటర్లు దాటకూడదు కాబట్టి మధ్యలో ఒక చదును కావాలి. పైన ఒకటి, కింద ఒకటి. ఒక్కో చదును ఐదడుగులు. మొత్తం 51 అడుగులు. ఇంత ఎత్తుకి నిజానికి 1:15 వాలు కోరాలి. అప్పుడు ర్యాంపే 45 అడుగులు, చదునులతో కలిపి 60. ప్లాన్‌లో గుమ్మం ముందు ఇరవై అడుగులే ఉంటే, ఆ ర్యాంపు మోటార్ సైకిల్ ఎక్కించుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు.

ముగ్గు దశలో ఉన్నారంటే మందు సులువు. బేస్‌మెంట్ అడుగున్నరకి తగ్గించమనండి, వాననీరు లోపలికి రాకుండా గేటు దగ్గర జాలీ కాలువ పెట్టమనండి. జాలీ కమ్మీలు నడిచే దిశకి అడ్డంగా ఉండాలి. నిలువుగా ఉంటే ముందు చక్రం అందులో దిగబడుతుంది.

వాలు ఎలా కొలవాలి: రెండడుగుల రసమట్టాన్ని ర్యాంపు మీద, వాలు దిశలో పెట్టండి. కింది కొసని మెల్లగా పైకి లేపండి. బుడగ సరిగ్గా మధ్యకి వచ్చాక ఆపి, లేపిన కొసకీ నేలకీ మధ్య ఎంత ఖాళీ ఉందో టేపుతో చూడండి. రెండు అంగుళాలుంటే 1:12. అంతకు మించితే ర్యాంపు నిటారుగా ఉన్నట్టే. అంగుళం పైన చిల్లర ఉంటే చాలా బాగుంది. మూడు చోట్ల కొలవండి. ర్యాంపులు పైన బాగానే ఉండి, రోడ్డుని కలిసే చివరి నాలుగడుగుల్లో ఒక్కసారిగా దిగిపోతుంటాయి.

- రెండు వైపులా చేతిపట్టీలు, 760, 900 మి.మీ. ఎత్తుల్లో రెండేసి వరుసలు
- ర్యాంపు రెండు కొసల్లోనూ పట్టీ 300 మి.మీ. ముందుకు సాగాలి
- పట్టీకీ గోడకీ మధ్య 50 మి.మీ. సందు, వేళ్లు దూరేలా
- నున్నటి గ్రానైట్ వద్దు. గరుకు రాయో, బ్రష్‌తో గీతలు పెట్టిన కాంక్రీటో చాలు

## 5. తలుపులు, గడప

"మూడడుగుల దర్వాజా పెట్టామండీ" అంటారు. మూడడుగులు బయటి కొలత. రెండు వైపులా చెక్క రెండున్నర అంగుళాల చొప్పున తింటుంది, తెరిచిన తలుపు రెక్క మందం ఇంకో అంగుళంన్నర తింటుంది. మిగిలేది 30 అంగుళాల లోపు, అంటే 750 మి.మీ. చేతులతో చక్రాలు తిప్పుకునే మనిషి వేళ్లు చెక్కకి గీసుకుంటాయి. గోడలో మూడున్నర అడుగుల ఖాళీ వదలమని అడిగితేనే చివరికి 900 మి.మీ. మిగులుతుంది.

ఇక గడప. ప్రధాన ద్వారానికి గడప లేకపోతే శుభం కాదని ఎవరో ఒకరు అంటారు, చాలాసార్లు కమిటీ పెద్దాయనే. వాదించి లాభం లేదు. నేలకి సమంగా టేకు పట్టీనో రాతి పట్టీనో దించి, పసుపు కుంకుమ దాని మీదే పెట్టమనండి. ఆచారం ఆచారంగానే ఉంటుంది, చక్రమూ ఆగదు. ఎత్తు తప్పదంటే 12 మి.మీ. మించకుండా, రెండు వైపులా వాలు చెక్కి ఉండాలి.

తలుపు పిడి నేల నుంచి 800-1000 మి.మీ. మధ్య, మోచేత్తో నొక్కినా తెరుచుకునే రకం ఉండాలి. గుండ్రటి నాబ్ చేతిలో పట్టు లేనివారికి తిరగదు.

## 6. బాత్రూమ్: ఎక్కువ సేపు ఇక్కడే ఉండండి

మొత్తం భవనంలో ఒక్కచోటే చూసే టైముంటే నేను బాత్రూమే చూస్తాను.

ఇటుకకీ ఇటుకకీ మధ్య 2000 మి.మీ. ఉందని మురిసిపోకండి. ప్లాస్టరింగ్, టైల్ కలిపి ఒక్కో గోడకి అంగుళం పోతుంది. కావాల్సిన దానికంటే 50-60 మి.మీ. ఎక్కువ కనిపిస్తేనే సరి.

చాక్‌పీసుతో నేల మీద అన్నీ గీయండి: కమోడ్, వాష్ బేసిన్, తలుపు తెరుచుకునే వంపు, మధ్యలో ఐదడుగుల గుండ్రం. తర్వాత పాత వీల్‌చైర్ లోపలికి తోసి, తలుపు మూసినట్టు ఊహించి, వెనక్కి తిప్పి బయటికి రండి. తలుపు లోపలికి తెరుచుకుంటుంటే ఇక్కడే ఆపేయాలి. లోపల మనిషి పడిపోతే ఆ తలుపు తెరవలేరు. బయటికి తెరుచుకోవాలి, లేదా స్లైడింగ్ ఉండాలి.

కమోడ్ స్థానం: టైల్ వేశాక గోడ నుంచి కమోడ్ మధ్యగీతకి 450-500 మి.మీ. రెండో పక్కన వీల్‌చైర్ నిలబెట్టుకునేందుకు 900 మి.మీ. ఖాళీ. సీటు ఎత్తు నేల నుంచి 450-480 మి.మీ. ఒకచోట చూశాను, కమోడ్‌ని అందంగా ఉంటుందని గదికి సరిగ్గా నడిమధ్య పెట్టారు. ఏ గోడా చేతికి అందదు. ఏ పక్కనా కుర్చీ పట్టదు. కొత్త టైల్స్ పగలగొట్టి పైపు జరపాల్సి వచ్చింది. పైపు వేసేముందు టేపు పెట్టి ఉంటే ఐదు నిమిషాల పని.

పట్టుకునే కమ్మీలు: గోడ దేనితో కట్టారో అడగండి. తేలిక బ్లాకుల గోడకి మామూలు మేకు, ప్లగ్గు నిలవవు. మనిషి బరువంతా దాని మీద వేసి లేస్తాడు, ఊడొస్తే తుంటి విరుగుతుంది. కమ్మీ వచ్చేచోట ప్లాస్టరింగ్‌కి ముందే కాంక్రీటు దిమ్మె పోయించండి, లేదా గోడ అవతలి నుంచి బోల్టు, ప్లేటుతో బిగించమనండి. కమ్మీ సీటు కంటే 200 మి.మీ. పైన రావాలి. ఆ చోటుకి గోడ మీద మార్కర్‌తో గుర్తు పెట్టి ఫోటో తీసుకోండి.

నేల మట్టం: బాత్రూమ్‌ని అంగుళమో రెండంగుళాలో దించడం, గుమ్మంలో రాయి పెట్టడం మన మేస్త్రీలకి అలవాటు. ఇక్కడ అది కుదరదు. సెంట్రింగ్ దశలోనే స్లాబు తగినంత దించితే, టైల్స్ వేశాక బయటి నేలా లోపలి నేలా కలుస్తాయి. నీళ్లు పోయే జాలీని తలుపుకి దూరంగా, లోపలి మూలన పెట్టాలి.

- హెల్త్ ఫాసెట్ కూర్చున్నవారి చేతికి పక్కనే అందాలి, వెనక గోడకి కాదు
- బేసిన్ కింద మోకాళ్లు పట్టాలి. వేడినీళ్ల పైపుకి తొడుగు ఉండాలి, కాళ్లకి స్పర్శ లేనివారికి కాలినా తెలియదు
- కుళాయికి తిప్పే గుండు కాకుండా పొడవాటి పిడి
- పిలుపు గంట తాడు నేలదాకా వేలాడాలి, కింద పడ్డవారికి అందేలా

## 7. థెరపీ గదుల్లో ప్రత్యేకంగా చూడాల్సినవి

మామూలు భవనాలు కట్టే ఇంజినీర్లకి ఇవి తట్టవు. థెరపిస్టే అడగాలి.

పిల్లల ఊయల థెరపీకి పైకప్పు కొక్కేలు కాంక్రీటు పోయకముందే రాడ్లకి కట్టాలి. ఎంత బరువు, ఎన్ని, ఎక్కడ అనేది రాసిచ్చి స్ట్రక్చరల్ ఇంజినీరుతో ఒప్పించుకోండి. తర్వాత డ్రిల్లుతో వేసిన కొక్కేనికి ఊగే పిల్లవాణ్ణి వేలాడదీయడానికి నేనైతే ఒప్పుకోను.

నడక నేర్పే సమాంతర కమ్మీలు నేలకి బిగించే రకమైతే, టైల్స్‌కి ముందే వాటి చోటు గుర్తించి కింద కాంక్రీటు గట్టిగా ఉందో చూడాలి.

కృత్రిమ కాళ్లు, చేతులు చేసే వర్క్‌షాప్ ఉంటే సింకు కింద ప్లాస్టర్ ఆగే తొట్టి కావాలి. అది లేకపోతే కడిగిన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పైపుల్లో గడ్డకట్టి భవనం డ్రైనేజీ అంతా మూసుకుపోతుంది. గ్రైండర్ దుమ్ము బయటికి లాగే ఫ్యాన్ కూడా అడగండి.

వినికిడి పరీక్ష గది జనరేటర్‌కి, రోడ్డుకి, లిఫ్ట్‌కి దూరంగా ఉండాలి. ప్లాన్ మీదే చూసి చెప్పేయొచ్చు.

మెరిసే తెల్ల విట్రిఫైడ్ టైల్స్ మీద కమిటీలకి మోజెక్కువ. తడిస్తే జారతాయి, మసక చూపువారికి కిటికీ వెలుగు నేల మీద పడి కళ్లు మిరుమిట్లు గొలుపుతాయి. మ్యాట్ రకం అడగండి. నేల, గోడ, తలుపు మూడూ ఒకే క్రీమ్ రంగులో ఉండొద్దు.

## 8. లిఫ్ట్, మెట్లు, మంటలొస్తే

లిఫ్ట్ తలుపు ఖాళీ 900 మి.మీ., బటన్లు కూర్చున్నవారికి అందే ఎత్తులో, వాటి మీద బ్రెయిలీ, అంతస్తు చెప్పే గొంతు. లిఫ్ట్ ముందు 1800 × 1800 మి.మీ. చోటు. కరెంటు పోతే లిఫ్ట్ జనరేటర్ మీద నడుస్తుందా అని అడిగి రాసుకోండి.

మెట్టు ఎత్తు 150, వెడల్పు 300 మి.మీ. మొదటి మెట్టుకి 300 మి.మీ. ముందే చుక్కల టైల్స్ హెచ్చరికగా రావాలి.

మంటలొస్తే లిఫ్ట్ ఆగిపోతుంది. పై అంతస్తులో వీల్‌చైర్ మీద ఉన్నవారు ఎక్కడ ఆగాలి? మెట్ల దగ్గర పొగ చేరని చోటు ప్లాన్‌లో చూపించమనండి. జవాబు రాకపోతే థెరపీ గదులన్నీ కింది అంతస్తుకి మార్చమని కోరడమే మేలు.

## 9. తరచూ కనిపించే తప్పులు, మందు

ర్యాంపు నిటారుగా కట్టేశారు. "తోసేవాళ్లు ఉంటారు కదా" అంటారు. ఒప్పుకోవద్దు. మధ్యలో మలుపు తిప్పి పొడవు పెంచాలి. స్థలమే లేకపోతే చిన్న ప్లాట్‌ఫాం లిఫ్ట్ తప్ప దారి లేదు.

దర్వాజా ఇరుకైంది. రెక్క తీసేసి గోడ బయటివైపు స్లైడింగ్ తలుపు పెడితే రెక్క మందం కలిసొస్తుంది. అప్పటికీ చాలకపోతే చౌకట్టు తీయాల్సిందే.

బాత్రూమ్ నేల కిందికి ఉంది. అంగుళం లోపైతే గుమ్మంలో వాలు పట్టీ. అంతకు మించితే నేల లేపి టైల్స్ మళ్లీ వేయాలి, కమోడ్ ఎత్తు మారుతుంది కనక దాన్నీ సరిచూడాలి.

చూపు లేనివారికి దారి చూపే గీతల టైల్స్ తీసుకెళ్లి స్తంభానికి కొట్టిస్తాయి. బిల్లులో ఉన్నాయి కాబట్టి వేశారు, అంతే. చూపు లేని మనిషిని నడిపించి, దారి మళ్లించి వేయించండి.

స్విచ్చులు పైన, ప్లగ్గులు నేలబారున. స్విచ్చులు 1200 మి.మీ. దాటకుండా, ప్లగ్గులు 400 కంటే దిగకుండా. గోడకి గాడి కొట్టకముందు చెబితే ఖర్చే లేదు.

## 10. చూసింది కాగితం మీద పెట్టడం

నోటి మాటకి సైట్‌లో విలువ లేదు. "అలాగే సార్, చేయిస్తాం" అన్న మాట మర్నాటికి ఎవరికీ గుర్తుండదు.

- తేడా ఉన్న ప్రతిచోటా టేపు పెట్టి, అంకె కనబడేలా ఫోటో. పక్క నుంచి గది మొత్తం కనబడేలా ఇంకొకటి.
- జాబితాలో నాలుగు గళ్లు: గది, ఉన్న కొలత, ఉండాల్సిన కొలత, ఎప్పటిలోగా.
- మూడు రకాలుగా విడదీయండి: కాంక్రీటుకి ముందు మారాల్సినవి, ప్లాస్టరింగ్‌కి ముందు మారాల్సినవి, తర్వాతైనా పర్వాలేదనేవి.
- సైట్‌లో ఉండే ఆర్డర్ బుక్‌లో (పని మీద సూచనలు రాసే పుస్తకం) రాయించండి. మీకు రాసే అధికారం లేకపోతే ఇంజినీరు గారితో రాయించి ఫోటో తీసుకోండి.
- అదే రోజు వాట్సాప్‌లో, మర్నాడు లెటర్ మీద, కట్టించే సంస్థకీ ఆర్కిటెక్టుకీ పంపండి.

మాట చెల్లకపోతే చట్టం ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 44వ సెక్షన్ ప్రకారం సౌలభ్య ప్రమాణాలు పాటించని కట్టడానికి ప్లాన్ అనుమతీ ఇవ్వకూడదు, పూర్తయినట్టు సర్టిఫికెట్ కూడా ఇవ్వకూడదు. 2024 నవంబరు 8న రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు ఈ ప్రమాణాలు సలహాల్లా మిగిలిపోకూడదని, తప్పనిసరిగా పాటించాల్సిన నిబంధనలు చేయాలని ఆదేశించింది. ఆ తీర్పుకి ఆధారమైన నివేదిక తయారుచేసింది హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం కేంద్రమే. లెటర్‌లో 44వ సెక్షన్ పేరు ఒక్క వాక్యంలో రాస్తే చాలు, బెదిరింపు భాష అక్కర్లేదు.

అప్పగింత రోజు పాత జాబితా పట్టుకుని మళ్లీ తిరగండి. సరిచేసిన ప్రతి వరుస పక్కన ఇంజినీరు సంతకం, తేదీ పెట్టించుకోండి. మిగిలిపోయిన వాటికి అయ్యే మొత్తాన్ని కాంట్రాక్టర్ ఆఖరి బిల్లులో ఆపమని కట్టించే సంస్థకి రాసివ్వండి, ఆ ఉత్తరం అందినట్టు రసీదు తీసుకున్నాకే తాళాలు అందుకోండి.